వైద్య పరిశోధనలో జీవగణాంక నిపుణుల పని ఎప్పుడు మొదలవుతుంది?

ఒక్క రోగినీ చేర్చుకోకముందే, పరిశోధనకు ప్రణాళిక వేసేటప్పుడే మొదలవుతుంది. ఎంతమంది రోగులు కావాలి, ఎవరికి ఏ చికిత్స అన్నది ఎలా తేల్చాలి, దేన్ని ఫలితంగా కొలవాలి అన్నవి అప్పుడే స్థిరపడాలి. అక్కడ జరిగిన పొరపాటును తర్వాత ఏ లెక్కా పూర్తిగా సరిదిద్దలేదు.

1948లో బ్రిటన్‌లో వెలువడిన క్షయ పరిశోధనే చూడండి. కోలుకునేలా కనిపించేవారికే వైద్యులు, తెలియకుండానైనా, కొత్త మందు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చే ప్రమాదం ఉంది. అందుకే గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఎవరికి ఏ చికిత్సో యాదృచ్ఛిక సంఖ్యలతో తేల్చి, ఆ వివరాన్ని మూసిన కవర్లలో ఉంచే పద్ధతి పెట్టారు. 55 మందికి విశ్రాంతితో పాటు స్ట్రెప్టోమైసిన్, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలల్లో మొదటి వర్గంలో నలుగురు, రెండో వర్గంలో 14 మంది మరణించారు.

సమాచారమంతా చేతికొచ్చాక పి-విలువ (చికిత్సల మధ్య నిజానికి తేడా లేకపోయినా, ఇంత లేదా అంతకన్నా ఎక్కువ తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత) తీసి ఇవ్వడమే జీవగణాంక నిపుణుల పని అనుకోవడం అపోహ. అంతమాత్రం సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంది.