సాంబారులో మాత్ర కలపొచ్చా?

ప్రశ్న: మాది చెన్నై, అంబత్తూరు. మాకో పాప. మా ఆయనకు 38 ఏళ్ళు, ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ పని. ఏడాది కిందట సూపర్‌వైజర్ పోస్టు పోయి మళ్ళీ మెషిన్ మీదికే వచ్చారు. అప్పట్నించీ రోజూ క్వార్టరున్నర తాగుతున్నారు. మా అత్తగారు పొద్దస్తమానం "తమ్ముణ్ణి చూసి నేర్చుకోరా" అంటారు. ఈయన "నేను దేనికీ పనికిరాను" అంటూ లేచి టాస్మాక్‌కే (సర్కారు మందు షాపు) పోతారు. పనికి వెళ్ళని రోజు జ్వరమని నేనే ఫోన్ చేసి చెబుతాను. పోయిన నెల మానేస్తానని రెండు రోజులున్నారు. చేతులు వణికి, చెమటలు పట్టి మళ్ళీ మొదలెట్టారు. తెలియకుండా సాంబారులో కలిపే మాత్ర ఉందని ఎదురింటావిడ అంటోంది. కలపొచ్చా?

జవాబు: కలపొద్దు. ఆవిడ చెప్పింది బహుశా డైసల్ఫిరామ్. మద్యం లివర్‌లో ముందు అసిటాల్డిహైడ్ అనే విషంగా మారి, ఆ తర్వాత విరిగిపోతుంది. ఈ మాత్ర ఆ రెండో పనిని ఆపేస్తుంది. దాని మీద తాగితే ముఖం కందిపోతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులై బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మనిషికి చెప్పి, ఒప్పించి, చివరిసారి తాగిన 12 గంటల తర్వాతే డాక్టర్లు మొదలుపెడతారు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా దాని పట్టు పోదు. పైగా సంగతి బయటపడిన రోజు నుంచి ఆయన మీ చేతి అన్నం నమ్మరు.

ఇక ఆ రెండు రోజుల వణుకు. అది పట్టుదల లేక వచ్చింది కాదు. బ్రాందీ, విస్కీ లాంటివి 30 మి.లీ.కి సుమారు 10 గ్రాముల ఆల్కహాల్. క్వార్టరున్నర అంటే 270 మి.లీ., రోజుకు 90 గ్రాములన్న మాట. అంతటికి అలవాటుపడిన మెదడుకు ఉన్నట్టుండి ఆపేస్తే 6 నుంచి 12 గంటల్లో వణుకు మొదలవుతుంది. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడటం, ఇంట్లోవాళ్ళను గుర్తుపట్టకపోవడం మొదలైతే తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. కొందరు గదిలో పెట్టి తాళమేసి మాన్పించాలని చూస్తారు. అంతకంటే ప్రమాదం లేదు. ఆస్పత్రిలో డయాజెపామ్ లాంటి మందు మోతాదు తగ్గించుకుంటూ వారం పది రోజుల్లో ఈ గండం దాటిస్తారు, బి1 విటమిన్ కూడా ఇస్తారు. "నీరసంగా ఉన్నారు, ముందు గ్లూకోజ్ ఎక్కించండి" అని వీధి చివరి క్లినిక్‌లో పట్టుబట్టకండి. బి1 తక్కువైన ఒంట్లోకి ఒట్టి గ్లూకోజ్ ఎక్కితే మెదడు దెబ్బతినొచ్చు. కీల్పాక్ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, అడయార్ ఇందిరానగర్‌లోని టీటీకే ఆస్పత్రి ఈ వైద్యానికి పేరున్నవే. ముందు మాట్లాడి చూద్దామనుకుంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఉచితంగా ఎప్పుడైనా చేయొచ్చు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. ఆయన పోగొట్టుకున్నది పోస్టు ఒక్కటే కాదు, నలుగురిలో ఉన్న విలువ కూడా. "చేసింది తప్పు" అంటే మనిషి దిద్దుకుంటాడు. "నువ్వే ఒక తప్పు" అంటే దాక్కుంటాడు. దాక్కోడానికి ఆయనకు దొరికిన చోటు సీసా. తమ్ముడితో పోలిక ఆగాలి. అత్తగారికి ఈ మాట మీరు చెబితే గొడవవుతుంది, డాక్టర్ చేత చెప్పించండి.

విలువ ఇవ్వడమంటే వెనకేసుకురావడం కాదు. జ్వరమని చేసే ఆ ఫోన్ మానేయండి, సెలవు ఆయనే అడగాలి. రాత్రి తాగొచ్చినప్పుడు వాదన వద్దు. అన్నం మూతపెట్టి పడుకోండి. పొద్దున కాఫీ వేళ, మత్తు దిగాక, చూసిందే చెప్పండి. ఉదాహరణకు: "రాత్రి మీరు కంచం విసిరితే పాప నోట్‌బుక్ మీద పడింది. నాకు భయమేసింది. శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను." అంతే. "ఎప్పుడూ ఇంతే మీరు" అని తగిలించారో, ముందు చెప్పిందంతా వృథా. తాగని సాయంత్రం మాత్రం పక్కన కూర్చోండి, వేడిగా వడ్డించండి. ఇంట్లో మిక్సీ పాడైతే ఆయన చేతికివ్వండి. లేత్ పట్టిన చేతులవి. పక్కన నిలబడి సలహాలివ్వకండి. ఉత్త పొగడ్త ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది, బాగైన మిక్సీ అబద్ధమాడదు.

"పనికిరాను" అన్న మాట డిప్రెషన్ కావచ్చు, మద్యం తెచ్చిన దిగులూ కావచ్చు. తాగుడు ఆపిన కొన్ని వారాలకు గానీ ఏదో స్పష్టంగా తేలదు. చచ్చిపోతానంటే మాత్రం అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి. చెయ్యి చేసుకుంటే పై సూత్రాలన్నీ పక్కనపెట్టి పాపతో బయటికి వచ్చేయండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ఆయన తాగుడుకు కారణం మీరు కాదు. చెన్నైలో అల్-అనాన్ సమావేశాలు తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసమే జరుగుతాయి. ఆయన వైద్యానికి రాకపోయినా మీరు వెళ్ళొచ్చు.

ప్రశ్న: మా తమ్ముడు మానేసి మూడు నెలలైంది. వచ్చే వారం నెల్లూరులో పెళ్ళి. బావలు "ఒక్క పెగ్గేగా" అంటారు. పంపొచ్చా? (వేళచ్చేరి)

జవాబు: పోతానంటే మీరు తోడుండి పంపండి. ముహూర్తం చూసి, భోంచేసి, మందు పార్టీ మొదలయ్యేలోపు బయల్దేరేలా తిరుగు టికెట్టు ముందే తీసిపెట్టండి. ఖాళీ కడుపుతో ఉంచొద్దు, చేతిలో సోడా ఉండనివ్వండి. ఎవరైనా బలవంతపెడితే "మందులు వాడుతున్నా బావా, పడదు" అంటే చాలు, వివరాలక్కర్లేదు. తాగాలన్న కోరిక సాధారణంగా అరగంటలోపే సద్దుమణుగుతుంది. ఆ కాసేపు మండపం బయటికి నడిపించండి.