చిన్నీ, ముందు ఆ స్కిన్ డాక్టరు గారిని కలువు

చిన్నీకి, పెదనాన్న ఆశీస్సులు.

ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే పై చదువు అయిపోయి విజయవాడలో క్లినిక్ తెరిచావు, సంతోషం. కానీ నిన్న ఫోన్లో అరగంట మాట్లాడితే ఇరవై నిమిషాలు స్కిన్ డాక్టర్ల మీద కోపమే. "మన పని లాగేసుకుంటున్నారు" అన్నావు.

ఏది మన పని? 1950ల్లో న్యూయార్క్‌లో జుట్టు నాటడం మొదలుపెట్టిన నార్మన్ ఓరెంట్రైక్ చర్మవైద్యుడు. ఒంట్లో కొవ్వు పీల్చి తీసే లైపోసక్షన్‌కి ముందు నువ్వు ఎక్కించే పల్చటి మత్తు ద్రావణం 1980ల్లో జెఫ్రీ క్లైన్ తెచ్చాడు, ఆయనా చర్మవైద్యుడే. అంతెందుకు, ఆధునిక ప్లాస్టిక్ సర్జరీకి గురువని మనం చెప్పుకునే హెరాల్డ్ గిలీస్ మొదట ఈఎన్‌టీ సర్జన్. సుశ్రుతుడు మనవాడంటావా, ఆయన కంటి శుక్లాలకూ మూత్రాశయంలో రాళ్లకూ వైద్యం చెప్పాడు మరి!

కోపం రావాల్సిన చోటు వేరే ఉంది. వర్క్‌షాపులూ యూట్యూబూ చూసి జుట్టు నాటేస్తామంటే కుదరదని 2022లో జాతీయ వైద్య కమిషనే చెప్పాల్సి వచ్చింది. ఎవరి డిగ్రీ ఏదన్నది తర్వాత. టేబుల్ మీద పేషెంటుకి ఊపిరి ఆడకపోతే గొంతులో గొట్టం వేసేవాళ్లు ఆ గదిలో ఉన్నారా అని అడుగు. నీ గదిలో కూడా.

నా సంగతి చెబుతా, మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. గుంటూరులో నేను కొత్తగా ఉన్నప్పుడు ఒక ఈఎన్‌టీ డాక్టరు ముక్కు ఆపరేషన్లు మొదలుపెట్టాడు. "ఆయనకేం తెలుసు" అని పేషెంట్ల దగ్గర నోరు జారాను. ఆ మాట ఆయన చెవిన పడింది. కేన్సర్ తీసేశాక బుగ్గని తిరిగి కట్టాల్సిన కేసు ఏడాదిన్నర పాటు ఒక్కటి కూడా నా వైపు రాలేదు. సన్నటి రక్తనాళాలు కలిపి కుట్టే మైక్రోసర్జరీ కష్టపడి నేర్చుకుని, అది చేతిలో పెట్టుకుని ఖాళీగా కూర్చున్నాను. చివరికి నేనే వాళ్లింటికి వెళ్లాను. కాఫీ ఇచ్చాడు, అరగంట పొడిపొడిగా మాట్లాడాడు, ఆనక లోపలికెళ్లి ఒక పేషెంటు ఎక్స్‌రే తెచ్చాడు. తర్వాతి వారం ఒకే టేబుల్ దగ్గర నిలబడ్డాం. ముక్కు లోపలి గోడ ఆయన సరిచేశాడు, పక్కటెముక మృదులాస్థితో నేను ముక్కు నిలబెట్టాను.

ఎముకల డాక్టర్లతోనూ అంతే. యాక్సిడెంటులో ఎముక బయటపడ్డ కాలుని చర్మంతో, కండతో కప్పడానికి రాత్రి రెండింటికి పిలిస్తే, మొదటిసారి తప్పకుండా వెళ్లు. పొద్దున చూద్దాం అన్నావో, రెండోసారి పిలుపు రాదు. ఫీజు తగ్గించి పోటీపడకు, ఆ పందెంలో నీకంటే తగ్గించేవాడు ఎప్పుడూ ఉంటాడు.

ఆ స్కిన్ డాక్టరు గారి క్లినిక్ మీ వీధిలోనే అన్నావుగా. కాలిన మచ్చలకి లేజర్ కావాల్సిన పేషెంటు నీ దగ్గర ఒక్కరైనా ఉంటారు. ఆ పేషెంటుని పంపే చీటీ నువ్వే తీసుకెళ్లి ఇవ్వు.

మీ పెదనాన్న