ముద్ద మింగగానే కళ్ళు తిరుగుతున్నాయా? గ్యాస్ అని ఊరుకోకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయనకి 61 ఏళ్ళు, బీపీ మాత్రలు వాడుతున్నారు. ఈమధ్య అన్నం ముద్ద మింగగానే కళ్ళు బైర్లు కమ్మి పక్కకి ఒరిగిపోతున్నారు, కొన్ని సెకన్లకి మళ్ళీ మామూలే. చల్లటి సోడా తాగినప్పుడూ ఇలాగే అయింది. పొలమారిందని కొందరు, గ్యాసని కొందరు అంటున్నారు. ఈసీజీ బాగానే ఉంది. భయపడాలా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, పొలమారితే దగ్గొస్తుంది, ఊపిరాడదు, మీరు చెప్పినదాంట్లో అవేవీ లేవు కాబట్టి నా అనుమానం గుండె మీదే. ముద్ద దిగేటప్పుడు అన్నవాహిక సాగుతుంది కదా, ఆ కబురు వేగస్ నరం మెదడుకి చేరుస్తుంది, గుండెని నెమ్మదించే నరం కూడా అదే. కొందరిలో ఇది శ్రుతి మించి గుండె కొన్ని సెకన్లు ఆగిపోతుంది, లేదా పై గదుల నుంచి కింది గదులకి కరెంటు అందదు, మెదడుకి రక్తం తగ్గి మనిషి పడిపోతాడు. అరుదే, కానీ ఉంది.

ఈసీజీ బాగుందని ధీమా పడకండి, అది పట్టేది పది సెకన్లు, అదీ పడుకుని ఉన్నప్పుడు. కార్డియాలజిస్ట్‌కి "మింగినప్పుడే వస్తోంది" అని గట్టిగా చెప్పండి, ఈ ఒక్క మాటే దారి చూపిస్తుంది. హోల్టర్ (రోజంతా ఒంటికి పెట్టుకుంటే గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే చిన్న మిషను) పెట్టుకుని భోంచేయాలి, లేదా ఆస్పత్రిలో మానిటర్ పెట్టి వాళ్ళ కళ్ళ ముందే తినిపించి చూస్తారు. ఇంట్లో మాత్రం పరీక్షలు చేయొద్దు.

మాత్రల చీటీ కూడా తీసుకెళ్ళండి. మెటోప్రోలాల్, అటెనోలాల్, డిల్టియాజెమ్, వెరాపమిల్ లాంటివి గుండె వేగాన్ని తగ్గిస్తాయి, మార్చాలా వద్దా అన్నది డాక్టర్ చూస్తారు, మీ అంతట మీరు ఆపేయకండి. హయటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జరగడం), అన్నవాహిక ఇరుకవడం, అరుదుగా గడ్డ కూడా కారణం కావచ్చు కాబట్టి ఎండోస్కోపీ అడుగుతారు. మిగతావి సరిచేసినా తగ్గకపోతే, గుండె ఆగుతున్నట్టు రికార్డైతే పేస్‌మేకర్ పెడతారు, దాంతో చాలామందికి పడిపోవడం ఆగిపోతుంది.

అప్పటిదాకా చిన్న ముద్దలు, బాగా నమిలి, కూర్చునే తినమనండి, కూల్ డ్రింకులు వద్దు, బండి అసలే వద్దు. ఒరిగిపోతే నోట్లో ఉన్న ముద్ద తీసేసి పడుకోబెట్టి కాళ్ళు ఎత్తండి, కంగారులో నోట్లో నీళ్ళు పోయకండి. ఛాతీ నొప్పి ఉన్నా, నిమిషంలో తెలివి రాకపోయినా 108కి ఫోన్ చేయండి.