గ్లౌకస్ ఒక్కడు కాదు: గ్రీకు పురాణ నామసూచిక రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గ్రీకు పురాణ పాత్రల సూచికలో నువ్వు పంపిన మొదటి విడత చదివాను. జ్యూస్, అథీనా లాంటి పెద్ద దేవతలతో పేచీ రాదు. ఏడిపించేదంతా చిన్నాచితకా పాత్రలే, అందులోనూ ఒకే పేరున్నవాళ్లు. గ్లౌకస్ కింద ఏం రాశావో ఒకసారి చూసుకో. తేనె జాడీలో పడి చచ్చి బతికిన పిల్లాడే పెద్దయి ట్రాయ్ యుద్ధానికి వెళ్లినట్టుంది.

ఆ పేరుతో కనీసం నలుగురున్నారు. జాడీలో పడ్డవాడు క్రీటు రాజు మినోస్ కొడుకు. కొరింథ్ గ్లౌకస్ సిసిఫస్ కొడుకు, అతన్ని సొంత గుర్రాలే చీల్చేశాయి. ఆంథెడాన్ గ్లౌకస్ జాలరి, ఏదో ఆకు నమిలి సముద్రదేవుడయ్యాడు. ట్రాయ్ పక్షాన పోరాడినవాడు లిసియా వీరుడు, హిప్పోలోకస్ కొడుకు. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన కావ్యం ఇలియడ్ ఆరో సర్గలో ఇతను గ్రీకు వీరుడు డయొమెడీస్‌కి తన వంశం చెప్పుకుంటాడు: సిసిఫస్, గ్లౌకస్, బెలెరొఫోన్, హిప్పోలోకస్, ఆ తర్వాత తను. ముత్తాత పేరే మునిమనవడికి వచ్చింది. మన ఇళ్లలో ఉన్న అలవాటే కనుక నీకు వింతగా ఉండదు. ఒకే ప్రసంగంలో ఇద్దరు గ్లౌకస్‌లు ఉన్నారు కాబట్టి వేగంగా చదివితే కలిసిపోతారు.

కాబట్టి పేరుకో చీటీ రాయడం మానెయ్. పేరు కనిపించిన ప్రతి చోటికీ ఒక చీటీ రాయి. దాని మీద తండ్రి, తల్లి, ఊరు, తరం, ఎవరి చేతిలో పోయాడు, చివర గ్రంథం, సర్గ, పంక్తి సంఖ్య ఉండాలి. ఆ చోట చెప్పని గడి ఖాళీగానే వదిలెయ్. ఇంకో గ్రంథంలో చదివింది గుర్తొచ్చి నింపావంటే అక్కడితో పని చెడినట్టే. తర్వాత ఏది ఎవరు చెప్పారో విడదీయలేవు. చీటీలన్నీ పూర్తయ్యాకే కలపడం మొదలుపెట్టు.

తండ్రీ ఊరూ కలిస్తే ఒకడే అనుకుంటావు. సర్పెడాన్ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. మినోస్ తోబుట్టువు సర్పెడాన్ జ్యూస్ కొడుకు, లిసియాను ఏలాడు. ట్రాయ్‌లో గ్రీకు వీరుడు పాట్రోక్లస్ చేతిలో పోయిన సర్పెడాన్ కూడా జ్యూస్ కొడుకే, లిసియా రాజే. తేడా అంతా తల్లి గడిలోనూ తరం గడిలోనూ ఉంది: మొదటివాడి తల్లి యూరోపా, రెండోవాడి తల్లి బెలెరొఫోన్ కూతురు లాఓడమియా. ఈ ఇబ్బంది పాతవాళ్లకీ తెలుసు. పురాణ కథలను సంగ్రహించిన అపొలొడోరస్ మూడు తరాల ఆయుష్షును జ్యూస్ వరమిచ్చాడని చెప్పి సర్దేశాడు. చరిత్రకారుడు డయొడోరస్ ఇద్దర్నీ తాతామనవళ్లను చేసి, మనవడి తల్లి పేరు కూడా మార్చేశాడు. ఇలాంటి అతుకులు కనిపిస్తే వాటినే నిజమని రాయకు. ఫలానావారు ఇలా కలిపారని ఒక్క వాక్యం చాలు.

తరం లెక్కకు ట్రాయ్ యుద్ధాన్ని సున్నా అనుకో, జేసన్ చేసిన ఆర్గో ఓడ ప్రయాణాన్ని ఒక తరం వెనక్కి పెట్టుకో. అప్పుడు థోఆస్ చిక్కు బయటపడుతుంది. లెమ్నోస్ రాజు థోఆస్ కూతురు హిప్సిపైలీ, ఆమెకు జేసన్ వల్ల పుట్టిన కొడుకు యూనియస్. ఈ యూనియస్ ఇలియడ్ ఏడో సర్గలో గ్రీకులకు ఓడల్లో ద్రాక్షసారా పంపుతాడు. మనవడే అంతవాడైతే, యుద్ధం ముగిశాక ఇఫిజెనియాను తరిమిన టారిస్ రాజు థోఆస్ అదే తాత కావడం కష్టం. లాటిన్‌లో ఈ కథలు రాసిన హైజీనస్ మాత్రం లెమ్నోస్ థోఆస్ ఓడ గాలికి టారిస్ చేరిందంటాడు. నేనైతే రెండు పేరాలుగా పెట్టి, ఈ మాట రెండోదాని చివర చేరుస్తాను. ఏటోలియా నుంచి ట్రాయ్‌కి 40 ఓడలతో వచ్చిన థోఆస్ వేరు, ఆండ్రెమాన్ కొడుకు.

తండ్రి పేరు లేనిచోట చావే ఆధారం. ఇలియడ్‌లో ట్రాయ్ పక్షపు అడ్రాస్టస్‌లు ముగ్గురు: ఆరో సర్గలో అగమెమ్నోన్, పదకొండులో డయొమెడీస్, పదహారులో పాట్రోక్లస్ తలొకణ్ణి చంపారు. ఏడుగురితో థీబ్స్ మీదికి వెళ్లిన ఆర్గోస్ రాజు అడ్రాస్టస్‌తో వీళ్లకు సంబంధం లేదు. పైలీమెనీస్‌కి ఈ సూత్రం పనికిరాదు. ఐదో సర్గలో మెనెలాస్ చేతిలో చచ్చిన ఆ రాజు పదమూడులో కొడుకు శవం వెంట ఏడుస్తూ నడుస్తాడు. ఇద్దరు పైలీమెనీస్‌లు అనేస్తే గొడవ వదులుతుంది గానీ, దానికి మూలంలో ఆధారం లేదు. ఒక్కడిగానే ఉంచి, రెండు పంక్తి సంఖ్యలూ ఇవ్వు.

ఇక అక్షరాలు. జ్యూస్ తండ్రినీ కాలపురుషుణ్ణీ రెండుచోట్లా క్రోనస్ అనే రాశావు. గ్రీకులో మొదటిది కప్పాతో, రెండోది ఖీతో మొదలవుతాయి. మనకు ఖ ఉంది కదా, రెండోవాణ్ణి ఖ్రోనస్ అని రాయి. ఇద్దర్నీ ఒకటిగా చూసిన పూర్వులూ ఉన్నారు గనక ఒకరి కింద ఇంకొకర్ని చూడమని సూచించు. దీనికి తిరగబడ్డ తప్పు ఏజాక్స్ దగ్గర ఉంది: ఏజాక్స్, ఐయాస్ అని ఒకే మనిషికి రెండు శీర్షికలు. ఏజాక్స్ ఉంచి, ఐయాస్ దగ్గర "ఏజాక్స్ చూడు" అని పెట్టు. దాని కింద టెలమోన్ కొడుకు, సలామిస్, 12 ఓడలు; ఓయిలియస్ కొడుకు, లోక్రిస్, 40 ఓడలు. "ఇద్దరు ఏజాక్స్‌లు" అని హోమర్ జంటగా అన్న చోట్ల చీటీలు విడిగా కట్టు. వాటిలో కొన్నింట రెండోవాడు లోక్రిస్ వాడు కాదు, టెలమోన్ కొడుకు తమ్ముడు ట్యూసర్ అనే పండితులున్నారు. ఆ కట్ట, థోఆస్ కట్ట వచ్చే విడతతో పంపు.