వెనకాల టక్ టక్ అంటే ముందు డిక్కీ ఖాళీ చెయ్యి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఆడియో మూడుసార్లు విన్నాను, మీ అత్త టీవీ సౌండ్ తగ్గించమంటే తగ్గించదు కదా, ఆఖరికి గొడ్లసావిట్లోకి వెళ్ళి ఫోను చెవికి ఆనించుకుని విన్నాను. కారు వెనకనుంచి ఏదో సౌండ్ మావయ్యా అని ఒక్క ముక్కలో తేల్చేశావు గానీ దానికో పద్ధతుందిరా. పెద్ద గోతిలో పడ్డప్పుడు దబ్బుమని ఒక్కసారి అని ఊరుకుంది. రోడ్డు అతుకుల మీద, నిదానంగా పోతున్నప్పుడు మాత్రం టక్ టక్ టక్ అని, గడియ వదులైన తలుపు గాలికి కొట్టుకున్నట్టు కొట్టుకుంది. ఆ షాపాయన నాలుగు షాకబ్జర్లూ (గోతుల కుదుపు ఆపే గొట్టాలు) మార్చాలన్నాడని రాశావు, ఆగు, అడ్వాన్స్ ఇవ్వకు. వెనక షాకబ్జర్ల పైన, బాడీకి బిగించేచోట ఉండే మౌంటింగ్ రబ్బర్లు పోయాయని నాకనిపిస్తోంది. అయినా ఫోన్లో విని తీర్పు చెప్పేస్తే ఆయనకీ నాకూ తేడా ఏముంది, అందుకే ఇదంతా రాస్తున్నా, నువ్వే చూసి తేల్చుకో.

ముందు డిక్కీ ఖాళీ చెయ్యి. నవ్వకు, నా అనుభవం చెప్తున్నా. మెకానిక్ షెడ్డు పెట్టిన కొత్తలో నరసాపురం నుంచి ఒకాయన ఇదే కంప్లైంట్‌తో వచ్చాడు, నేను పెద్ద మేస్త్రీలాగా రెండడుగులు నడిపి చూసి షాకబ్జర్లు రెండూ మార్చి పంపించా. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చి నిలబడ్డాడు, సౌండ్ అలాగే ఉంది. వెతగ్గా వెతగ్గా స్టెప్నీ పక్కన జాకీ క్లిప్పు ఊడి రేకుకి కొట్టుకుంటోంది. ఆయన ఒక్క మాటా అన్లేదు, తిట్టినా బావుండేది. లేబర్ తిరిగిచ్చేశాను గానీ ఆ బండి మళ్ళీ మా షెడ్డు గుమ్మం తొక్కలేదు.

నీ డిక్కీలో ఏముంటాయో నాకు తెలుసు, చెరువు మేత బస్తాలు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ రెక్క ఒకటి, ఉప్పునీళ్ళ క్యాన్, ఇంకా ఆ పాత వల. అన్నీ తీసెయ్, స్టెప్నీ, జాకీ, పానాలు కూడా తీసి ఇంట్లో పెట్టి అదే రోడ్డు మీద అదే స్పీడ్‌లో వెళ్ళు. వెనక సీటు లాక్ సరిగ్గా పడిందో లేదో గట్టిగా లాగి చూడు, డిక్కీ తలుపు లాక్ దగ్గర ఊగులాట ఉందేమో చూడు, సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బర్లు తెగాయేమో కిందకి వొంగి చేత్తో ఊపి చూడు (ఇంజన్ చల్లారాక, చెయ్యి కాల్చుకుని నాకు ఫోన్ చెయ్యకు). ఇవన్నీ బావుండి సౌండ్ ఇంకా వస్తోందంటే అప్పుడు మౌంటింగ్ దగ్గరికి రావాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. బండిని జాకీ మీద ఎత్తేసి చక్రం పట్టుకుని ఊపి, ఏమీ లేదండీ అనేస్తారు. ఎత్తినప్పుడు చక్రం కిందకి వేలాడతది, దాంతోపాటు షాకబ్జర్ రాడ్డు పూర్తిగా సాగిపోయి పై రబ్బర్‌ని కిందకి లాగి పట్టేస్తది, ఉన్న లూజంతా ఆ లాగుడులో దాక్కుంటది. అందుకే బండి నాలుగు చక్రాల మీద నేల మీద ఉన్నప్పుడే చూడాలి. నీ బండిలో పై నట్టు డిక్కీ లోపల, సైడ్ ట్రిమ్ (పక్క గోడ మీది తొడుగు) వెనకాల ఉంటది, ట్రిమ్ ఊడదీస్తే ఒక రబ్బర్ టోపీ, దాని కింద నట్టు, వాషర్ కనపడతాయి. తమ్ముణ్ణి వెనక బంపర్ మీద చెయ్యేసి బండిని గబగబా కిందకీ పైకీ ఊపమను, నువ్వు రెండు వేళ్ళు ఆ వాషర్ అంచూ బాడీ రేకూ కలిసేచోట పెట్టు. బావున్న రబ్బరైతే వేళ్ళ కింద మెత్తగా ఉబ్బి తగ్గినట్టుంటది, అంతే. పోయినదైతే ఊపు దిశ మారిన ప్రతిసారీ వేలికి చిటికేసినట్టు టక్కుమని తగుల్తది, చెవికి వినపడకముందే వేలికి తెలిసిపోద్ది. రెండో వైపు కూడా చూసి పోల్చుకో, ఒక్కవైపే చూస్తే ఏది మామూలో ఏది కాదో తెలీదు.

కింద చివర కూడా చూడు, అక్కడ ఒక కంటి బుష్ ఉంటది, మధ్యలో ఇనప గొట్టం, చుట్టూ రబ్బరు. పొడుగు స్క్రూడ్రైవర్ దూర్చి మెల్లగా తన్నిపట్టి చూస్తే రబ్బరు గొట్టం నుంచి విడిపోయిందో లేదో కనపడుద్ది. వెనక యాక్సిల్ బీమ్ (రెండు వెనక చక్రాలనీ కలిపే అడ్డ దూలం) ముందుభాగంలో బాడీకి కలిసేచోట పెద్ద బుష్‌లు రెండుంటాయి, అవి పోయినా సౌండొస్తది గానీ బ్రేక్ వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు ఎక్కువొస్తది, బండి తోక కొంచెం పక్కకి జరిగినట్టనిపిస్తది. నీ ఆడియోలో అది లేదు.

ఇక షాకబ్జరే పోయిందా అంటే, దాని లక్షణం సౌండ్ కన్నా ముందు ఊపు. చించినాడ వంతెన ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రోడ్డూ వంతెనా కలిసేచోట వెనకభాగం ఒకసారి లేచి కూర్చుంటే సరే, పడవలాగా రెండు మూడుసార్లు ఊగిందంటే షాకబ్జర్ పని అయిపోయినట్టే. డస్ట్ కవర్ పైకెత్తి రాడ్డు దగ్గర చూడు, ఆయిల్ కారి దాని మీద దుమ్ము పట్టి నల్లటి ముద్దలాగా ఉందంటే మార్చాలి. పల్చగా తేమలాగా ఉంటే పర్లేదు. బంపర్ నొక్కి వదిలే పరీక్ష అందరూ చేస్తారు గానీ అది పూర్తిగా చచ్చిన షాకబ్జర్‌నే పట్టిస్తది, సగం చచ్చినదాన్ని పట్టించదు, దాన్ని నమ్ముకుని కూర్చోకు.

ఎందుకు పోయాయి అని అడుగుతావు, నీకు కోపమొచ్చినా సరే చెప్తా. మేత బస్తా 25 కేజీలు, నువ్వు ఎనిమిదేస్తావు, అంటే 200 కేజీలు, ముగ్గురు మనుషులు డిక్కీలో కూర్చున్నట్టే. ఆ బరువుతో చెరువు గట్టు మీద తిరుగుతావు. మన డెల్టా మట్టి సంగతి నీకు చెప్పాలా, బంకమన్ను, వానకి ఉబ్బుద్ది, ఎండకి కుంగి పగులుద్ది, దాని మీద ఎంత మంచి రోడ్డేసినా రెండు వర్షాకాలాలు తిరిగేసరికి అలలు పడుద్ది. ఆ అలల మీద రబ్బరు నిమిషానికి ఎన్నిసార్లు నలుగుతుందో లెక్కేసుకో. పైగా చేపల లారీల ఐసునీళ్ళు రోడ్డంతా కారతాయి, నీ క్యాన్లోంచి ఉప్పునీళ్ళు చిందుతాయి, ఆ తేమకి వాషర్లు తుప్పు పట్టి అంచు గరుకై రబ్బర్ని కోసేస్తాయి. నేను ఊడదీసిన పాత రబ్బర్లలో సగం అరుగుడు కాదు, తుప్పు కోతే.

సామాన్లు కొనేటప్పుడు రెండు వైపులకీ కొను, ఒక్కవైపు మార్చి రెండోది వదిలేస్తే ఇంకో మూణ్ణెల్లకి మళ్ళీ ఇదే పని. పై రబ్బర్లు, గిన్నెలాగా గుంట ఉండే కప్పు వాషర్లు, షాకబ్జర్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే బంప్ స్టాపర్, డస్ట్ కవర్, కొత్త లాక్ నట్టు, ఇవన్నీ కలిపినా ఒక షాకబ్జర్ ఖరీదు రాదు. పాత లాక్ నట్టు మళ్ళీ వాడకు, లోపల నైలాన్ రింగు ఒకసారి తిరిగాక పట్టు తగ్గిపోద్ది. బండి 80 వేల కిలోమీటర్లు దాటింది కదా, రాడ్డు దగ్గర ఆయిల్ కనపడితే మాత్రం ఇదే చేత్తో షాకబ్జర్లు రెండూ మార్చెయ్, లేబర్ ఒకటే. అది కూడా వెనక రెండే, ముందువాటి జోలికి ఎందుకు.

ఒక్క జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నీ బండికి వెనక స్ప్రింగ్ వేరుగా, షాకబ్జర్ వేరుగా ఉంటాయి కాబట్టి చెప్తున్నా. మీ నాన్న బండిలాగా స్ప్రింగ్ షాకబ్జర్ చుట్టూ చుట్టుకుని ఉంటే మధ్య నట్టు ముట్టుకోకు. స్ప్రింగ్‌ని నొక్కిపట్టే కంప్రెసర్ బిగించకుండా ఆ నట్టు విప్పితే అది తూటాలాగా లేస్తది, పళ్ళు రాలిపోతాయి. అలాంటిది షెడ్డుకే ఇవ్వాలి.

ముందురోజు సాయంత్రమే కింద బోల్టులకి, పై నట్టుకి తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచు. మర్నాడు బండి గట్టి నేల మీద పెట్టు, కళ్ళంలో వద్దు, జాకీ దిగబడిపోద్ది. గేర్లో వేసి ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టు. హ్యాండ్‌బ్రేక్ ఉందిగా అనకు, హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలని, నువ్వు పైకెత్తేదీ వాటినే. ఇటుకలు పెట్టకు, బరువు పడితే పొడైపోతాయి. జాకీతో ఎత్తి, బాడీ అంచు కింద గుర్తు గాడి ఉన్నచోట స్టాండ్లు పెట్టి, చక్రం ఊడదీసి, ఇప్పుడు జాకీ తెచ్చి బీమ్ చివర, స్ప్రింగ్ కూర్చునే పళ్ళెం కింద ఆనించు. బీమ్ నడుమ మాత్రం ఆనించకు, అది వంగితే ఇంకో కథ. జాకీ ఎందుకంటే చక్రం కిందకి జారిపోకుండా ఆపేది షాకబ్జరే, దాని బోల్టు తీయగానే బీమ్ ఒక్కసారిగా దిగి బ్రేక్ హోస్ పైపు లాగేస్తది. అందుకే ఒకసారి ఒకవైపే, రెండూ కలిపి విప్పొద్దు.

పై నట్టు విప్పేటప్పుడు రాడ్డు కూడా దాంతోపాటు తిరుగుద్ది. రాడ్డు కొసన చిన్న పలక గానీ ఎలన్ కీ పట్టే గాడి గానీ ఉంటది, దాన్ని పట్టుకుని రింగ్ పానాతో నట్టు తిప్పాలి. మా షెడ్డులో ఒక కుర్రాడు తొందరపడి రాడ్డుని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకున్నాడు, మెరిసే రాడ్డు మీద గీత పడింది, ఆ గీత లోపలికీ బయటికీ తిరిగి ఆయిల్ సీల్ కోసేసింది, బావున్న షాకబ్జర్ నెల తిరక్కుండా కారడం మొదలెట్టింది. వాడి జీతంలో కొయ్యలేదులే, పక్కనుండి చూడకపోవడం నా తప్పే.

విప్పే ముందు ఫోన్లో ఫోటో తీసుకో, పైనుంచి నట్టు, కప్పు వాషర్, రబ్బరు, బాడీ రేకు, మళ్ళీ రబ్బరు, వాషర్, ఆ వరస మర్చిపోతే కప్పు తిరగేసి పెట్టేస్తావు, కప్పు నోరు రబ్బరు వైపే ఉండాలి. పాత రబ్బరు చేతిలోకి తీసుకుని చూడు, గుండ్రంగా ఉండాల్సిన కంత కోడిగుడ్డులాగా సాగిపోయి ఉంటది, వేళ్ళతో వంచితే పగుళ్ళు నోళ్ళు తెరుస్తాయి. అలా ఉంటే మన అనుమానం ఖాయమే. రేకు మీద తుప్పు ఉంటే వైర్ బ్రష్‌తో గీకి పెయింట్ వెయ్యి. కొత్త రబ్బరు దూరకపోతే సబ్బునీళ్ళు రాయి, గ్రీజూ డీజిలూ వద్దు, రబ్బరు ఉబ్బి మెత్తబడిపోద్ది. కొత్త షాకబ్జర్ వేస్తున్నట్టయితే నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి వదిలి అప్పుడు బిగించు, పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి పోద్ది.

పై నట్టు ఎంత బిగించాలో బండి మాన్యువల్లో టార్క్ రాసుంటది, టార్క్ పానా మా షెడ్డులో ఉంది పట్టుకెళ్ళు. బలముంది కదా అని బిగించేస్తే రబ్బరు నలిగి పచ్చడై పక్కలకి వచ్చేస్తది, కొత్తదే ఆర్నెల్లు రాదు.

కింద బోల్టు మాత్రం బండి గాల్లో ఉండగా ఫుల్లుగా బిగించకు. వదులుగా పెట్టి, చక్రాలు వేసి, బండి నేల మీదకి దించి, రెండుసార్లు ఊపి, అప్పుడు కిందకి దూరి బిగించు. గాల్లో బిగిస్తే చక్రం వేలాడే కోణంలో ఆ కంటి బుష్ పట్టేసుకుంటది, దించగానే రబ్బరు మెలితిరిగి ఎప్పుడూ అలాగే ఉండిపోద్ది, ఇంక రోజూ నలుగుతూనే ఉంటది. ఇది నేను చాలా ఏళ్ళు తప్పే చేశానురా, బుష్‌లు తొందరగా పోతున్నాయని కంపెనీవాణ్ణి తిట్టుకునేవాణ్ణి, తప్పు నా చేతిలోనే ఉందని ఆలస్యంగా తెలిసింది.

అయిపోయాక ఆ రబ్బర్ టోపీ మళ్ళీ పెట్టడం మర్చిపోకు, లేకపోతే చక్రం చిమ్మే నీళ్ళు డిక్కీలోకి వచ్చి నీ మేత బస్తాలు నానతాయి. చక్రాల నట్లు ఇంకోసారి చూసుకో. రాజోలు దాకా వెళ్ళి రా, ఓ 500 కిలోమీటర్లు తిరిగాక పైదీ కిందదీ టైట్ మళ్ళీ చూడు, కొత్త రబ్బరు కొంచెం సర్దుకుంటది.

పని ఆదివారం పెట్టుకో, నేనూ వస్తా, మీ అమ్మని పులస అడగటంలేదు, మామూలు కొర్రమీను పులుసైనా చాలు. ఊడదీసిన పాత రబ్బర్లు పారెయ్యకు, నేను చూడాలి.

మావయ్య