ఓడ ఎక్కబోయే బిడ్డకు

బిడ్డా,

సముద్రం వేడి మారితే చల్లనీళ్లల్ల బతికే కాడ్ చేపలు ఎటు పోతయి, ఎన్ని మిగుల్తయి అనేదాని మీద పీహెచ్‌డీ చేసేందుకు నువ్వు నార్వేల బెర్గెన్‌కు పోతున్నవని మీ బాపు నిన్న ఫోన్ చేసిండు. వినంగనే ఛాతీ పొంగింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలే. లక్నవరంలో పడవ ఎక్కమంటేనే మీ అమ్మ కొంగు పట్టుకొని ఏడ్చిన పిల్లవు, నార్వేకు ఉత్తరాన బారెంట్స్ సముద్రంలో చేపలు లెక్కగట్టే సర్వే ఓడ ఎక్కుతవా?

సామాను మీ వాళ్లు సర్దుతరు. ఉన్ని బట్టలు అక్కడనే కొనుక్కో. స్టాటిస్టిక్స్ గట్టిగ చదువు.

నేను చెరువుల వెంట తిరిగి రిటైరైన మత్స్యశాఖోణ్ణి. కాడ్‌ను ఎన్నడూ చూడలే. నీ చిన్నప్పుడు మీ అమ్మ మింగించిన చేపనూనె మాత్రల దాక నా పరిచయం. అయినా ఒక మాట చెప్పనిదే నా మనసు ఊరుకోదు. చేప ఎక్కడున్నది అనేది ఒక లెక్క, ఎంతున్నది అనేది ఇంకో లెక్క. రెండూ కలిపేస్తే కొంప మునుగుతది.

నర్సంపేట దిక్కు ఒక చెరువుండె, ఊరి పేరెందుకు గాని. ఓ ఎండకాలం నీళ్లన్నీ గుంజుకపోయి తూము కాడి మడుగులో మిగిలినయి. వల ఏసిన ప్రతిసారీ బొచ్చె, రవ్వ నిండుగ పడ్డయి. ‘ఈయేడు చేప మంచిగ కలిసొచ్చింది’ అని సంఘపోళ్లు మురిసి, మడుగును అడుగుదాక ఊడ్చిన్రు. చేపపిల్లలు కొనుడు కూడ తగ్గించిన్రు. వానలు పడి చెరువు మత్తడి దుంకినంక వల ఏస్తే పాచి తప్ప ఏం రాలే. చెరువంత చేప ఒక్క మూలకు చేరితే వల నిండుతది. అది చూసి చేప పెరిగిందనుకున్నరు.

గిదే ముచ్చట కెనడాలో దేశమంత పెద్దగ జరిగింది. న్యూఫౌండ్‌లాండ్ దగ్గర 1980లలో ట్రాలర్లకు, అంటే పెద్ద వల ఈడ్చే ఓడలకు, కాడ్ బాగనే దొరికేది. ఆ పట్టుబడి లెక్కలను నమ్మి, ఉన్నదానికంటే ఎక్కువ చేప ఉందనుకున్నరు. 1990 తర్వాత నీళ్లు ఇంకా చల్లబడ్డయి, మిగిలిన కాడ్ దక్షిణానికి జరిగి గుంపులు కట్టింది. గుంపు దొరికిన ఓడకు కరువెట్ల తెలుస్తది? 1992 జులై 2న వేట బంద్ పెట్టిన్రు. రెండేండ్లే అన్నరు, 2024 దాక ఎత్తలే. దాదాపు 30,000 మందికి పని పోయింది. అంతా చలి చేసిందనేటోళ్లు ఇంకా ఉన్నరు. చలి తోడైంది నిజమే, అసలు మింగింది వల. నీ థీసిస్‌లో ఉష్ణోగ్రత గీత చేపల గీతతో ఎంత అందంగ కలిసినా, పక్కన ఎంత పట్టిన్రో చూపే గీత లేకుంటే నేను ఒప్పుకోను. మీ గైడ్ ఒప్పుకున్నా సరే.

వేడి అన్ని తావుల ఒకే తీరు పనిచెయ్యదు, అది యాదుంచుకో. చల్లటి బారెంట్స్‌లో నీళ్లు కొంత వేడెక్కితే కాడ్ ఉత్తరానికి పరుచుకొని బలిసింది. 2013లో కోటా, అంటే ఏడాదికి పట్టనిచ్చే హద్దు, 10 లక్షల టన్నులు. దక్షిణాన ఉన్న నార్త్ సీ అనే సముద్రంలో అదే వేడి కాడ్ పిల్లలకు శాపమైంది. పిల్లలు తినే చల్లనీళ్ల కలానస్ అనే చిన్న పురుగు ఉత్తరానికి పోయింది, వచ్చిన వేరే రకం వాటికి కావాల్సిన కాలానికి పుట్టదు. ఇక బారెంట్స్ కోటా కూడ 2025కు 3,40,000 టన్నులకు పడింది. అది ఎందుకో ఒక్క థర్మామీటర్‌తోని చెప్పలేవు.

ఉపగ్రహం చూపే ఉష్ణోగ్రత పైపొరది. కాడ్ అడుగున తిరిగే చేప. అడుగు నీళ్ల కొలత లేకుండ ఒక్క అంకె కూడ రాయకు.

ఇగ నా భయం. ఆ నీళ్లలో పడ్డ మనిషికి ఈత వచ్చినా చేతులు కాళ్లు నిమిషాలల్ల మొద్దుబారుతయట. డెక్కు మీదికి ఒక్కదానివి రాత్రి పోకు. నీళ్లల్ల పడితే చలి నుంచి కాపాడే సూట్ ఏసుకునుడు నేర్పేటప్పుడు ఫోన్ చూసుకుంటు నిలబడ్డవని తెలిసిందో, బెర్గెన్ దాక వచ్చి తిడ్త. హన్మకొండలో ఈత క్లాసులకు ఈ ఆదివారమే చేరు, ఫీజు నేను కడ్త.

ఓడ తేది తెలియంగనే ముందు నాకు చెప్పు. మీ బాపుకు నేను నిమ్మళంగ చెప్త, ఆయనకు బీపీ ఉన్నది.

నీ పెద్దబాపు