ఆ క్లాసుకు కూర్చునే ముందు ఇది చదువు

మిర్యాలగూడ

బిడ్డా,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి రెండు సంగతులు ఒక్క ఊపిరిలో చెప్పాడు. బర్మింగ్‌హామ్‌లో నువ్వు సొంతంగా కారు కొన్నావనీ, గంటకు 30 మైళ్లు దాటకూడని రోడ్డు మీద 37లో పోయి స్పీడ్ కెమెరాకు దొరికావనీ. మొదటి మాటకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాళ్లు అందక తాత సైకిల్‌ను కైంచీ తొక్కినోడివి నువ్వు. రెండో మాటకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

100 పౌండ్ల ఫైన్ కట్టి లైసెన్స్ మీద 3 పాయింట్లు వేయించుకోకుండా, స్పీడుగా పోయి దొరికినవాళ్లకు పెట్టే స్పీడ్ అవేర్‌నెస్ క్లాసు ఎంచుకున్నావు, మంచి పని చేశావు. నీకు లైసెన్స్ వచ్చి రెండేళ్లు కూడా కాలేదు, ఈ లోపల 6 పాయింట్లు పడితే అది పోయినట్టే. బండి ఎవరు నడిపారో రాసే ఫారం 28 రోజుల్లోపు పంపాలి, పంపే ఉంటావు. ఇన్సూరెన్స్ వాళ్లు క్లాసు గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే ఈ అవకాశం ఇవ్వరు.

కానీ షిఫ్ట్ మధ్యలో కారులో కూర్చుని ఫోన్‌లో క్లాసు వింటానన్నావట! ఏం తెలివిరా అది? కెమెరా ఆన్‌లో ఉండాలి, అడిగినప్పుడు జవాబు చెప్పాలి. ఆ రోజు సెలవు పెట్టు. ఇంట్లో తలుపేసుకుని, లైసెన్స్ పక్కన పెట్టుకుని కూర్చో.

లెస్టర్‌లో నర్సుగా ఉన్నప్పుడు, 2013లో, నేనూ ఆ క్లాసుకు పోయాను. అప్పుడు ఆన్‌లైన్ లేదు, ఒక హోటల్ హాల్లో నాలుగు గంటలు కూర్చోబెట్టారు. అందరూ చేతులు కట్టుకుని, ముఖాలు ముడుచుకుని ఉన్నారు. నేను కూడా అంతే, దొంగతనం చేసి పట్టుబడినట్టు తల దించుకున్నాను. మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. ఆ రోజు ఎందుకంత తొందర అని మాత్రం ఒక్కొక్కరినీ అడిగారు. డ్యూటీకి లేటు, బడికి లేటు, వెనక బండి హారన్ కొట్టింది. నా జవాబు కూడా డ్యూటీకి లేటనే. బోర్డు లేని రోడ్డు మీద వీధి దీపాలుంటే స్పీడు 30 అని ఎంతోకాలంగా నడుపుతున్నవాళ్లకే తెలియలేదు. వేల్స్‌కు పోతే అది ఇప్పుడు 20, 2023లో మార్చారు, గుర్తుంచుకో. 30లో పోతూ బ్రేక్ కొడితే బండి ఆగడానికి 23 మీటర్లు కావాలన్నారు. అందులో 9 మీటర్లు మనం చూసి కాలు కదిపేలోపే అయిపోతాయి. 40లో అయితే 36 మీటర్లు. ఊళ్లో మూడో గేర్‌లోనే ఉంటే స్పీడు దానంతటదే అదుపులో ఉంటుందని చెప్పారు. అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

రాసుకుని ఏం లాభం?

మరుసటి ఏడు దసరా ముందు, నాన్నమ్మను నల్లగొండలో ఆసుపత్రిలో చేర్చారని ఫోన్ వస్తే శంషాబాద్‌లో దిగి క్యాబ్ ఎక్కాను. డ్రైవర్‌కు ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో, అచ్చం నీలాగే పలుచటి పిల్లగాడు. నెమ్మదిగానే నడుపుతున్నాడు. చౌటుప్పల్ దాటాక "జర జల్దీ పోనీ తమ్ముడూ" అన్నాను. చిట్యాలలో మళ్లీ అన్నాను. నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ రోడ్డు ఎక్కేసరికి పొద్దుగూకుతోంది, "మా అమ్మ నాకు దక్కాలా వద్దా" అని ఏడ్చాను. అతను ఇంకేం మాట్లాడలేదు, స్పీడు పెంచాడు. సైకిల్ మీద గడ్డి మోపు కట్టుకుని ఒక పిల్లవాడు రోడ్డు దాటుతున్నాడు. బండి మోపుకు తగిలింది. పచ్చిగడ్డి అంతా అద్దం మీద పడి ముందు ఏమీ కనిపించలేదు, వాసన మాత్రం గుప్పుమంది. దిగి చూస్తే పిల్లవాడు పక్క కాలువలో పడి ఉన్నాడు. స్పృహ ఉంది, ముంజేయి విరిగింది. నా చున్నీతో కట్టు కట్టాను. నా చేతులు వణకలేదు, నర్సును కదా. డ్రైవర్ రోడ్డు మీదే కూలబడి తల కొట్టుకుంటున్నాడు.

కేసు అతని మీద అయింది. బిడ్డా, ఇది మీ నాన్నకు కూడా నేను ఇన్నేళ్లూ చెప్పలేదు. పోలీసులు వచ్చినప్పుడు, తొందరపెట్టింది నేనేనని నోరు విప్పలేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ డ్రైవర్ నా వైపు ఒకసారి చూశాడు, అంతే. ఆసుపత్రికి పోతే నాన్నమ్మ మంచం మీద కూర్చుని బత్తాయి రసం తాగుతోంది. 23 మీటర్ల లెక్క తెలిసినదాన్ని నేనే కదా ఆ బండిలో. స్టీరింగ్ నా చేతిలో లేదు కాబట్టి ఆ లెక్క నాది కాదనుకున్నాను. తర్వాత ఆ డ్రైవర్ కోసం వెతికించాను, నంబర్ మారింది. పిల్లవాడి ఇంటికి మాత్రం రెండుసార్లు పోయివచ్చాను. చేయి బాగానే అతుక్కుంది.

అందుకే నీ స్పీడు కన్నా నీ చుట్టూ ఉండే తొందర నాకు ఎక్కువ భయం. క్లాసయిన వారానికే అమ్మను తీసుకురావడానికి హీత్రూ ఎయిర్‌పోర్టుకు పోతున్నావట. రెండు గంటల దారికి మూడు గంటలు పెట్టుకో. దోస్తులు వెనక కూర్చుని "పోనీరా" అంటే బండి పక్కకు ఆపి దింపెయ్, మొహమాటపడకు. ఫోన్ డిక్కీలోనో సంచీలోనో పడెయ్, చేతికి అందేచోట వద్దు.

అమ్మను నిన్ననే కూర్చోబెట్టి చెప్పాను. సామాను తీసుకుని లోపలే బెంచీ మీద కూర్చో వదినా, వాడు వచ్చేదాకా "ఎక్కడున్నావు" అని ఒక్క ఫోన్ కూడా చేయొద్దు అని. సరేనంది. నువ్వు గంట ఆలస్యంగా వచ్చినా ఆమెకు ఇబ్బంది లేదు, చేతి సంచీలో సకినాల డబ్బా పెట్టాను.

నీ అత్తమ్మ